పన్నెండు నిమిషాలు

మా ఆసుపత్రి గోడ మీద ఒక ఫ్లెక్సీ ఉంది. అందులో మా డాక్టరు శ్రీరామ్ గారు చేతులు కట్టుకుని నిలబడి ఉంటారు. పక్కన మా ఫార్మసిస్టు అనంతపద్మనాభం పొట్ట లోపలికి లాక్కుని, ఆ చివర స్టాఫ్ నర్సును నేను, రెబ్కా, బలవంతాన నవ్వుతూ. పైన పెద్ద అక్షరాలతో "పిలిస్తే పన్నెండు నిమిషాల్లో మీ ముందు" అని రాయించారు. దాన్ని తలెత్తి చూడటం మానేశాను. అయినా రోజూ దాని కిందనుంచే లోపలికి వెళతాను.

మాది తాటిమళ్లపాలెం. పర్చూరుకి పదకొండు కిలోమీటర్లు. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకోతలు జరుగుతాయి. ఆ మూడు నెలలూ కర్నూలు వైపు నుంచి కూలీ ముఠాలు వచ్చి పొలాల్లో రేకుల షెడ్లలో ఉంటాయి. ఆ మూడు నెలలూ ఊరంతా తుమ్ముతూనే ఉంటుంది.

పోయిన డిసెంబరులో జిల్లా నుంచి మాకు ఒక కాగితం వచ్చింది. "అంటువ్యాధులు ప్రబలిన పక్షంలో విధులకు హాజరగుటకు మీరు సుముఖులేనా?" అని ప్రశ్న. కింద అవును, కాదు అని రెండు గడులు. డాక్టరు గారు పచ్చ ఇంకు పెన్నుతో అవును దగ్గర టిక్కు పెట్టారు. అనంతపద్మనాభానికి టిక్కు చాల్లేదు. పక్కన "ప్రాణాలకు తెగించి" అని కూడా రాశాడు. ఈ ప్రాణాలకు తెగించిన మహానుభావుడు కరోనా రెండో విడతలో నడుము నొప్పని నలభై రోజులు సెలవు పెట్టి, బావమరిది కల్లంలో మిరపకాయలు ఎండబోయించి, దగ్గరుండి బస్తాలు తొక్కించాడు. అప్పట్లో ఉన్న డాక్టరు ఇంకా గొప్పవాడు. గుంటూరు నుంచి కదలకుండా వీడియో కాల్లో నాలుక చాపమనేవాడు. ఆ రోజుల్లో ఈ ఆసుపత్రి తలుపులు తీసింది నేనూ, అటెండరు యేసుపాదమూ. ఇద్దరమే. అందుకని ఆ కాగితం మీద నేనూ అవునే పెట్టాను. అందరిదీ అబద్ధం, నాది మాత్రం నిజం అని నా నమ్మకం.

ఈ కాగితాల తర్వాత డ్రిల్లులు మొదలయ్యాయి. రోగం రాకుండానే వచ్చినట్టు ఆడటమన్నమాట. ఊరి బయట ఎక్కడో ఒకచోట ఒకణ్ణి పడుకోబెడతారు. ఆశా కార్యకర్త నాకు ఫోను చేయాలి. నేను అందరికీ ఫోను గ్రూపులో కబురు పెట్టాలి. అందరం ఎన్ని నిమిషాల్లో చేరామో పెద్దవాళ్లు చూస్తారు. జనవరిలో మొదటి డ్రిల్లుకి రోగి వేషం యేసుపాదానిది. పొద్దున్నే పెసరట్టు తిని వచ్చి బడి వరండాలో పడుకున్నాడు. మేం చేరేసరికి ముప్పై ఒక్క నిమిషాలైంది, అతను గురక పెడుతున్నాడు. వచ్చిన ఆఫీసరు మా డాక్టరు గారిని అందరి ముందూ చెడామడా తిట్టి పోయాడు.

మర్నాడు మీటింగు. డాక్టరు గారి ముఖం మాడిపోయి ఉంది. అనంతపద్మనాభం జీపు డ్రైవరు మీద పడి ఏడుస్తున్నాడు. ఆ దద్దమ్మల మధ్య కూర్చుని నేను డ్రిల్లు లెక్క రాసే ఫారం తీసి చదివాను. "స్టాఫ్ నర్సు సమాచారం పంపిన సమయం నుండి" అని ఉంది అందులో.

"సార్, ఆశా నాకు ఎప్పుడు చెప్పిందో ఎవరూ రాయరు. నేను గ్రూపులో ఎప్పుడు పెట్టానో అదే లెక్క," అన్నాను. "ఆశా ఫోను రాగానే మీకందరికీ విడివిడిగా చెబుతాను. మీరంతా తయారై, జీపు స్టార్టు చేసుకుని కూర్చున్నాక అప్పుడు గ్రూపులో పెడతాను."

డాక్టరు గారు లేచి నిలబడి నాకు చేయి కలిపారు. ఫిబ్రవరి డ్రిల్లులో మేం పన్నెండు నిమిషాల్లో చేరాం. మండలంలో మొదటి స్థానం. ఫ్లెక్సీ కట్టారు. ఆ తెలివి నాదే. సిగ్గుపడలేదు కూడా. వెధవ పరీక్షకి వెధవ జవాబు, అంతే అనుకున్నాను.

మార్చి రెండో వారంలో మూడో డ్రిల్లు ఉంటుందని కబురు వచ్చింది. ఏ రోజో చెప్పరు. ఆశా కూడా డ్రిల్లు అని చెప్పకూడదు, నిజంగా జరిగినట్టే చెప్పాలి. ఈసారి చూడటానికి వచ్చేవాడు ఆఫీసరులా రాడు, మామూలు మనిషిలా జనంలో కలిసిపోయి చూసిపోతాడు. ఇవీ షరతులు. మామూలు రోజుల్లో పదకొండింటికి గాని దర్శనమివ్వని డాక్టరు గారు ఆ వారం ఆసుపత్రి క్వార్టర్సులోనే మకాం పెట్టారు. పావురాలు కాపురమున్న గది కడిగించి, పరుపు తెప్పించుకున్నారు. అనంతపద్మనాభం ఎదుటి గదిలో దిగాడు. కరోనాకి రాని మనుషులు డ్రిల్లుకి కాపురం వచ్చారని యేసుపాదంతో అంటే, అతను నోట్లో కండువా కుక్కుకుని నవ్వాడు.

మార్చి పదకొండు, మంగళవారం పొద్దున ఏడూ ఇరవైకి నా ఫోను మోగింది. చేసింది స్తుతి, మా ఊరి ఆశా కార్యకర్త. ఇరవై ఆరేళ్ల పిల్ల. మా చర్చి సంఘంలోనే పాటలు పాడుతుంది.

"అక్కా, తొందరగా రాండక్కా. డొంక అవతల మిరపకోత షెడ్డులో అందరికీ వాంతులు, విరేచనాలు. తెల్లారకముందే మొదలైనయ్యంట. పదకొండు మంది ఉన్నారు. వంట చేసే ఆమె, బసవమ్మని, ఆమెకైతే కళ్లు లోపలికి పోయినయ్యక్కా. పిలిస్తే పలకట్లా."

విని నేనేమనుకున్నానో ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ పిల్ల భలే చేస్తోందే అనుకున్నాను.

"సరే, వస్తన్నాం," అని పెట్టేశాను.

తర్వాత పద్ధతి ప్రకారం చేశాను. డాక్టరు గారికి ఫోను చేసి, "సార్, వచ్చింది. డొంక షెడ్డు. తయారవ్వండి," అన్నాను.

"షేవింగ్ చేసుకునే టైముందా సిస్టర్?"

"చేసుకోండి సార్. గడియారం ఇంకా మొదలు కాలేదుగా."

అనంతపద్మనాభానికి చెప్పాను. యేసుపాదానికి చెప్పాను. తర్వాత నా తెల్లకోటు తీశాను. ఫ్లెక్సీలో నా కోటు నలిగి ఉందని డాక్టరు గారు ఒకసారి అన్నారు. ఆ మాట నాకు మనసులో ఉండిపోయింది. ఇస్త్రీ పెట్టె పెట్టాను. పొలాల్లో మోటార్లు ఆడుతున్నాయి, కరెంటు నీరసంగా ఉంది, పెట్టె ఓ పట్టాన కాగలేదు. అది కాగేలోగా రెండు ఇడ్లీలు తిన్నాను. కాలరు మడతలు పోయేదాకా రుద్దాను.

ఏడూ ముప్పై ఎనిమిదికి స్తుతి మళ్లీ చేసింది.

"అక్కా, ఎక్కడున్నారక్కా? బసవమ్మకి కాళ్లు కొంకర్లు పోతన్నయ్యి. నాకు చేతులాడట్లేదు."

వెనక ఎవరో ఆడమనిషి గొంతెత్తి ఏడుస్తోంది.

"వస్తన్నాం లేవే. నువ్వు బాగా చేస్తన్నావు. ఆ ఏడ్చే ఆమెని మాత్రం కాస్త తగ్గించమను, మరీ నాటకంలా ఉంది."

 స్తుతి ఫోను పెట్టేసింది.

ఏడూ యాభై మూడుకి అందరూ జీపులో కూర్చున్నాక గ్రూపులో పెట్టాను. "అత్యవసరం. డొంక షెడ్డు. వాంతులు, విరేచనాలు." డాక్టరు గారి దగ్గర సెంటు వాసన వస్తోంది. గడ్డం మీద రెండు చోట్ల గాట్లు. అనంతపద్మనాభం ఒళ్లో డ్రిల్లు పెట్టె. సెలైను సీసాలు, సూదులు, ఓఆర్ఎస్ పొట్లాలు అన్నీ వరసగా సర్ది, గాజుమూత బిగించి, ఎర్ర రిబ్బను కట్టి, లక్క సీలు వేసి ఉన్న పెట్టె. ఫిబ్రవరిలో దాన్ని చూసే ఆఫీసరు మెచ్చుకున్నాడు. అప్పటినుంచి అనంతపద్మనాభం దానికి ధూపం వేయలేదంతే.

షెడ్డు రెండు కిలోమీటర్లు. డొంకలో ఒక గొర్రెల మంద అడ్డం వచ్చినా ఎనిమిదీ అయిదుకి దిగాం. పన్నెండు నిమిషాలు.

గుమ్మంలోకి వెళ్లకముందే వాసన తగిలింది. ఇరవై నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ వాసనని ఎవరూ నటించలేరు. 

లోపల పదకొండు మంది పట్టాల మీద, గోనె సంచుల మీద పడి ఉన్నారు. బోరు మోటారు కాలిపోయి మూడు రోజులైందట, కాలవ నీళ్లు డ్రమ్ములో పట్టుకుని తాగుతున్నారు. స్తుతి ఒక్కతే అందరి మధ్యా తిరుగుతోంది. చేతికి తొడుగు లేదు, మూతికి గుడ్డ లేదు. చీర కుచ్చిళ్లు మొత్తం తడిసిపోయి ఉన్నాయి. ఇంట్లోంచి తెచ్చిన బిందెలో ఉప్పూ పంచదారా కలిపి, ఒక్కొక్కరికీ గ్లాసుతో తాగిస్తోంది. నన్ను చూసింది. నా కోటుని చూసింది. మళ్లీ బిందెలో గ్లాసు ముంచింది.

బసవమ్మ మూలనున్న నులక మంచం మీద ఉంది. యాభై ఏళ్లుంటాయి. రెండు చేతులకీ ఆకుపచ్చ మట్టి గాజులు. ముంజేతి మీద చర్మం పట్టుకుని లాగి వదిలాను. లేచింది లేచినట్టే ఉండిపోయింది. నాడి వెతికితే గాని దొరకలేదు. రాత్రి నుంచీ ఒంటేలు లేదని పక్కామె చెప్పింది.

వెనకనుంచి డాక్టరు గారు వచ్చారు. నలుదిక్కులా చూసి, "ఎంత సహజంగా అరేంజ్ చేశారు సిస్టర్! ఈసారి జిల్లావాళ్లు గట్టిగానే పట్టుకున్నారు," అని మెచ్చుకుంటూ, దగ్గరున్న ఒకతని చేయి అందుకున్నారు. వెంటనే వదిలేశారు. తన చేతిని తన ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడ్డారు.

"ఇది నిజం కేసు," అన్నారు.

"అవును సార్."

"నిజం కేసయితే ఇలా కాదు. దీనికి ప్రొటోకాల్ ఉంటుంది. నూట ఎనిమిదికి ఫోన్ చేయండి. మనం వెళ్లి ఆసుపత్రిలో రిసీవ్ చేసుకుందాం."

"నూట ఎనిమిది చీరాల వెళ్లిందంట సార్, స్తుతి అప్పుడే అడిగింది. రెండు గంటలు పడుతుంది. ఈమెకి ఇప్పుడే సెలైను ఎక్కాలి."

"మా పాపకి ఏడు నెలలు సిస్టర్," అన్నారాయన. గొంతులో నిజంగానే భయం ఉంది. "ఇది కలరా అయితే? ఇంటికి ఎట్లా వెళ్లేది?"

స్తుతి బిడ్డకి తొమ్మిది నెలలు. ఆ పిల్ల అక్కడే మోకాళ్ల మీద కూర్చుని ఎవరి వాంతినో తుడుస్తోంది. ఆ మాట పైకి అనలేదు, అంటే ఆయన ఇంకా త్వరగా వెళ్లిపోతారు.

నేను అనంతపద్మనాభం వైపు తిరిగాను. "పెట్టె తెరవండి."

అతను పెట్టెని రెండు చేతులతో పొట్టకి అదుముకున్నాడు. "ఇది డ్రిల్లు పెట్టె రెబ్కమ్మా. సీలు తీస్తే రేపు డ్రిల్లుకి ఏం చూపిస్తాం? దీనికి నేను సంతకం పెట్టున్నాను. మామూలు సెలైన్లు ఆసుపత్రిలో ఉన్నయ్యిగా, నే పోయి తెస్తాను." అప్పటికే అతని ఒక కాలు జీపు మెట్టు మీద ఉంది. ఆ మనిషి పోతే మళ్లీ రాడని నాకు తెలుసు, అతనికీ తెలుసు.

అసహ్యంతో నా నోట్లో ఉమ్ము ఊరింది. ప్రాణాలకు తెగించినవాడు పెట్టెతో సహా పారిపోతున్నాడు. మెడలో గొట్టం వేసుకున్నవాడు చేయి గాల్లో పెట్టుకుని నిలబడ్డాడు. అవతల ఆడమనిషి కళ్ల ముందు ఎండిపోతోంది. వీళ్లని బతిమాలితే వినరు. తిడితే వినరు. ఏం చేస్తే వింటారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే వీళ్లతో కలిసి ఫ్లెక్సీ మీద నవ్విందాన్ని నేను.

తలుపు పక్కన ముఠా మేస్త్రి హుస్సేన్ సాహెబ్ నిలబడి ఉన్నాడు. ఆదోని వైపు మనిషి. తెల్ల లాల్చీ, జేబులో పెన్ను, కళ్లజోడు, చేతిలో పొడుగు నోటుబుక్కు. ఎవరు ఎన్నింటికి చేలోకి దిగారో, ఎన్నింటికి గట్టెక్కారో రాసుకునే పుస్తకం అది. ఆ కంగారులోనూ అలవాటు పోక, చేతి గడియారం చూసుకుని ఏదో రాస్తున్నాడు.

నేను డాక్టరు గారి దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించాను.

"సార్, మెల్లగా చూడండి. ఆ తెల్ల లాల్చీ ఆయన."

"ఎవరు?"

"చూడటానికి వచ్చినాయన. కేసులు నిజమే. ఈసారి నిజం కేసుల మీదే పెట్టారంట పరీక్ష. మనం దిగిన టైము అప్పుడే రాసేశాడు."

డాక్టరు గారు హుస్సేన్ సాహెబ్‌ని చూశారు. హుస్సేన్ సాహెబ్ ఆయన్ని చూసి, గడియారం చూసి, మళ్లీ ఏదో రాసుకున్నాడు. మా డాక్టరు గారిలో జరిగిన మార్పు నేను నా కళ్లతో చూశాను. వెన్ను నిటారుగా అయింది. గాల్లో ఉన్న చేయి కిందికి దిగింది. ఏడు నెలల పాప ఎటు పోయిందో పోయింది.

"పద్మనాభం గారూ! ఏంటలా నిలబడ్డారు? కిట్ ఓపెన్ చేయండి, క్విక్!" అని ఆ తెల్ల లాల్చీకి వినపడేలా అరిచారు.

అనంతపద్మనాభానికి కూడా చెవిలో వేశాను. ఎర్ర రిబ్బను పళ్లతో తెంపాడు.

ఆ తర్వాత రెండున్నర గంటలు జరిగింది చూస్తే ఎవరైనా మా ఆసుపత్రికి దండం పెడతారు. బసవమ్మకి నరం కోసం నేను రెండుసార్లు పొడిచి తప్పాను. నరాలన్నీ అణిగిపోయి ఉన్నాయి. డాక్టరు గారు నన్ను పక్కకి జరిపి, మోకాళ్ల మీద ఆ తడి నేల మీదే కూర్చుని, మోచేతి మడతలో వేలితో తడిమి, ఒక్క పోటుతో సూది ఎక్కించారు. రెండో చేతికి ఇంకోటి. సెలైను ధార కట్టింది. అంత మంచి చేయి నేను గుంటూరులో చదువుకునే రోజుల్లో కూడా చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. చేతకానివాడు పారిపోతే అర్థం ఉంది. ఇంత చేతనై, ఎవరో రాసుకుంటేగాని ఆ చేయి కదలదు.

మధ్య మధ్య ఆయన హుస్సేన్ సాహెబ్ దగ్గరికి వెళ్లి, "సార్, మొదటి కేసు సివియర్ డీహైడ్రేషన్, రెండు లైన్లు పెట్టాం," అని చెప్పి వస్తున్నారు. హుస్సేన్ సాహెబ్‌కి డాక్టరు తనని సార్ అనడం ఎందుకో తెలియదు. రెండు చేతులూ జోడించి, "మంచిది సార్, మీరు సల్లగుండల్ల సార్," అంటున్నాడు. అది విని డాక్టరు గారు మరింత హుషారుగా వెనక్కి వస్తున్నారు. అనంతపద్మనాభం స్వహస్తాలతో బకెట్టు మోశాడు. నడుము ఏమాత్రం నొప్పి పుట్టలేదు. యేసుపాదానికి మాత్రం నేనేమీ చెప్పలేదు. అవసరం లేదు. అతను దిగుతూనే పంచె ఎగగట్టి, బ్లీచింగు పొడి తీసుకుని డ్రమ్ము దగ్గరికి పోయాడు.

పదిన్నరకి నూట ఎనిమిది వచ్చింది. బసవమ్మని, ఇంకో ఇద్దర్ని ఎక్కించారు. నేను కూడా ఎక్కాను. డాక్టరు గారు ఎక్కలేదు. మిగిలినవాళ్లని వదిలి రాకూడదన్నారు. తెల్ల లాల్చీ అక్కడే ఉంది కదా.

దారిలో బసవమ్మ కళ్లు తెరిచింది. సెలైను పనిచేస్తోందని నాకు ప్రాణం లేచొచ్చింది. ఏదో అడుగుతోంది. వంగి విన్నాను.

"నా సాలు ఎవరు కోస్తాండారమ్మా?"

వంట అయ్యాక ఆమె కూడా కోతకి దిగుతుందట. సగంలో వదిలిన వరస గురించి అడుగుతోంది.

"ఎవరో ఒకరు కోస్తారు లేమ్మా, నువ్వు పడుకో," అన్నాను.

"పండు రాలిపోతాది," అంది. అదే ఆమె నాతో ఆడిన ఆఖరి మాట.

మూడో రోజు గుంటూరులో పోయింది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. మిగతా పదిమందీ బతికారు. అక్కడున్న డాక్టరమ్మ చిన్నపిల్ల, కళ్ల కింద నిద్రలేని చారలు. "చాలాసేపు బీపీ లేకుండా ఉండిపోయింది సిస్టర్. ఇంకో అరగంట, ముప్పావుగంట ముందు లైన్ పెట్టి ఉంటే నిలబడేదేమో," అంది. నన్ను తప్పుపట్టి కాదు. ఊళ్లు దూరం, వైద్యం అందే దారి లేదు అనుకుని, జాలిపడుతూ అంది.

నేను బయట మెట్ల మీద కూర్చుని ముప్పావుగంట లెక్కవేశాను. ఏడూ ఇరవై నుంచి ఎనిమిదీ అయిదు. అణా పైసలతో సరిపోయింది. ఇస్త్రీ, ఇడ్లీ, డాక్టరు గారి గడ్డం.

పెద్ద ఆఫీసుకి ఇవేమీ తెలియవు. నిజంగానే రోగం వచ్చింది కాబట్టి మూడో డ్రిల్లు రద్దు చేశారు. సమాచారం అందిన పన్నెండు నిమిషాల్లో బృందం చేరింది, పదకొండులో పది ప్రాణాలు నిలిచాయి, ఇదీ వాళ్ల దగ్గరున్న కాగితం. గ్రూపులో నా మెసేజి ఏడూ యాభై మూడుకి ఉంది, అబద్ధం ఏముంది. నెలాఖరున మీటింగు హాల్లో సన్మానం. డాక్టరు గారు మైకు పట్టుకుని, "ఎవరు చూస్తున్నారని కాదు, మనస్సాక్షి చూస్తుందని పనిచేశాం," అన్నారు. తెల్ల లాల్చీ ఎవరో అప్పటికి ఆయనకి తెలుసు. నా మీద కోపం కూడా లేదు. జరిగింది లాభమే కదా. అనంతపద్మనాభం తెగిన ఎర్ర రిబ్బను ముక్క పర్సులో పెట్టుకుని వచ్చినవాళ్లకి చూపిస్తున్నాడు.

స్తుతిని వేదిక మీదికి పిలవలేదు. ఆశాలు ఆ జాబితాలో రారట. వెనక వరసలో బిడ్డని ఒళ్లో వేసుకుని కూర్చుంది. నా పేరు పిలిచారు. లేచి వెళ్లి చెప్పేద్దామనే అనుకున్నాను. మెట్లెక్కేదాకా అనుకున్నాను. శాలువా కప్పారు. తల వంచి కప్పించుకున్నాను. ఫోటోలో నా కోటు ఒక్క మడత లేకుండా వచ్చింది.

ఏప్రిల్ మూడో వారంలో కోతలు అయిపోయాయి. ముఠాలు లారీలెక్కి వెళుతున్నాయి. ఒక మధ్యాహ్నం హుస్సేన్ సాహెబ్ ఆసుపత్రికి వచ్చాడు. అదే లాల్చీ, అదే నోటుబుక్కు. మందులిచ్చే కిటికీ దగ్గర నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రేపు ఊరికి పోతాండామమ్మా. బసవమ్మ చెల్లెలు అడుగుతాది, ఎట్ల పోయెనని. ఆమెని పిల్చుకొచ్చినోణ్ణి నేను. ఏమి చెప్పల్లనో తెలియకుండా ఉండాది."

నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టాడు. మార్చి పదకొండు పేజీ. గుండ్రటి చేతిరాత. "4:30 బసవమ్మకు వాంతి మొదలు. 7:20 ఆశమ్మ ఫోను. 7:38 మళ్లా ఫోను. 8:05 డాక్టరు, నర్సమ్మ వచ్చినారు."

"మీరందరూ శానా సేసినారమ్మా, నేను కండ్లారా సూసినా," అన్నాడు. "ఇదొక్కటే నాకు అర్థం కాలే. ఊరు రెండు కిలోమీటర్లే కదా. నడిసొచ్చినా అరగంట. ఈ ఏడూ ఇరవైకి, ఈ ఎనిమిదీ అయిదుకీ నడుమ ఏమయ్యెనమ్మా?"

కిటికీ లోపలినుంచి అనంతపద్మనాభం తల బయటపెట్టాడు. "జీపు స్టార్టు కాలేదయ్యా! బ్యాటరీ! ఆ ముక్క రాసుకుని పో," అన్నాడు.

హుస్సేన్ సాహెబ్ పెన్ను మూత తీశాడు. నా వైపు చూశాడు. నేను అవునంటే అదే రాసుకుపోతాడు. ఆ చెల్లెలు ఎవరో, ఆ జీపుని తిట్టుకుని, దేవుణ్ణి తిట్టుకుని, ఊరుకుంటుంది.

"జీపు బాగానే ఉంది," అన్నాను. "నేను కోటు ఇస్త్రీ చేసుకుంటన్నా. అది రాసుకో."

తనకి సరిగ్గా వినపడలేదనుకున్నాడు. "ఏమమ్మా?"

"ఇస్త్రీ. తర్వాత రెండు ఇడ్లీలు తిన్నా. మధ్యలో ఆశమ్మ మళ్లీ ఫోను చేస్తే, ఏడుపు తగ్గించమని చెప్పా. అంతా రాసుకో."

కిటికీ తలుపు దబ్బుమని మూసుకుంది. హుస్సేన్ సాహెబ్ నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. అతను కళ్లజోడు సర్దుకుని, రెండు వరసల మధ్య ఉన్న సందులో, ఇరుకిరుకుగా రాయడం మొదలుపెట్టాడు. కొంత రాసి ఆగాడు.

"పేరు ఏమని రాయల్లమ్మా?"

"రెబ్కా," అన్నాను.

రాసుకున్నాడు.